ముళ్ళు తీసే చెయ్యి

మేడ్చల్ నుంచి వచ్చే బస్సు పేట్ బషీరాబాద్ దాటేటప్పుడు బాలనర్సమ్మ చెప్పుల్లోంచి కాళ్ళు బయటికి తీసి, కిటికీ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంటుంది. పక్కవాళ్ళు అక్కడేదో గుడి ఉందనుకుని తామూ గబగబా గుండె మీద చెయ్యి వేసుకుంటారు. తీరా చూస్తే అది టైర్ల దుకాణం.

ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ చింపి ఇస్తూ ఒకసారి కండక్టరు అడగకుండా ఉండలేకపోయాడు.

"ఏందవ్వా, టైర్లకు మొక్కుతున్నవ్? లారీ గిట్ల కొంటున్నవా?"

"నీ కండ్లు ఎప్పుడు కిందనే ఉంటయి కొడకా. జర పైకి సూడు."

పైన ఉన్నది ఒక గది. కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, గోడకొక తెల్ల బోర్డు. అవ్వ మొక్కేది ఆ కుర్చీలకే. ఎవరు నవ్వినా ఆవిడకు పట్టదు. ఒకప్పుడు ఆ కుర్చీల్లో ఒకదాని మీంచి విసురుగా లేచి వెళ్ళిపోయిన మనిషి కూడా తానేనన్న సంగతి మాత్రం కండక్టరుకు చెప్పదు.

ఇంట్లో చిన్నా పెద్దా అందరూ బాలనర్సమ్మను అవ్వ అనే పిలుస్తారు. ఇక్కడా అవ్వే అనుకుందాం. పూర్తి పేరుతో పిలిస్తే పోలీసులు వచ్చారేమోనని భయపడుతుంది.

అవ్వ శామీర్‌పేట చెరువు కట్ట దిగువన రోడ్డు పక్కన, నీలం ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుని చేపలు అమ్ముతుంది. కార్లు ఆపి బేరమాడేవాళ్ళను ముందు తిడుతుంది, తర్వాత బిడ్డా అంటుంది, చివరికి తను చెప్పిన ధరకే అమ్ముతుంది. కత్తిపీట ముందు కూర్చుంటే ఆమె చేతులు ఆమె మాట కూడా వినవు. ఎంతసేపూ ఏదో ఒకటి కోస్తూ, గీకుతూ, ఒలుస్తూ ఉండాలి. పని లేకపోతే చీర అంచుకు వేలాడే దారాలైనా పీకుతుంది.

ఆ చేతులకు ఆ అలవాటు ఊరికే రాలేదు. భర్త బాలమల్లు చెరువులో వల వేసేవాడు. పచ్చకామెర్లు వచ్చి, రోజు రోజుకూ చిక్కిపోయి, చివరికి మంచానికి అంటుకుపోయి కన్నుమూశాడు. అప్పటికి కొడుకు శివ మూడో తరగతి. ఆ ఏడే పిల్లవాడి గొంతులో రవ్వచేప ముల్లు ఇరుక్కుంది. అన్నం ముద్ద మింగించారు, అరటిపండు మింగించారు, వీపు మీద గుద్దారు. ముల్లు కదల్లేదు. అవ్వ వాణ్ణి వీపున వేసుకుని మేడ్చల్ దాకా పరుగెత్తింది. సగం దారిలో ఒక లారీ డ్రైవరు ఎక్కించుకున్నాడు గాని, అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు అందులో లారీ ఉండదు. డాక్టరు పట్టకారుతో ముల్లు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వెంట్రుకంత ఉంది. మొగుణ్ణి తీసుకుపోయిన దేవుడు ఈ వెంట్రుకతో కొడుకునూ తీసుకుపోయేవాడు కదా అని అవ్వ అక్కడే కూలబడింది.

ఆ రోజు నుంచి అవ్వ వేళ్ళ మధ్య నలగకుండా ఆ ఇంట్లో ఏ చేప ముక్కా ఎవరి నోటికీ చేరలేదు. శివకు మీసాలు వచ్చాయి, ముళ్ళు అవ్వే తీసింది. గుండ్లపోచంపల్లి గోదాములో పనికి చేరాడు, ముళ్ళు అవ్వే తీసింది. పెళ్ళయింది. కొత్తకోడలు శోభారాణి అత్తవారింట్లో మొదటిసారి చేపల కూరతో భోజనానికి కూర్చుని చూసిందేమిటంటే, అంత ఎత్తు మొగుడు పళ్ళేన్ని వాళ్ళమ్మ ముందుకు జరిపి బుద్ధిగా ఎదురుచూడటం. శోభారాణి నవ్వింది. ఆ నవ్వును అవ్వ చాలా ఏళ్ళు మరిచిపోలేదు.

తర్వాత దీప పుట్టింది. ఆ పిల్లకు పళ్ళు రాకముందే ముళ్ళు తీసే హక్కు అవ్వ రాయించేసుకుంది. శోభారాణి ఎప్పుడైనా కూతురికి ముక్క విప్పి పెట్టబోతే పళ్ళెం లాక్కునేది.

"నీకు తెల్వదు. గొంతుల ముల్లు పోతే ఎవలు జవాబు?"

ముళ్ళతో మొదలైంది ముళ్ళతో ఆగలేదు. దీప జడ అవ్వదే, నిద్ర అవ్వ మంచంలోనే. అక్షరం రాకపోయినా హోంవర్కు దగ్గర అవ్వే కూర్చునేది, పుస్తకం తలకిందులుగా ఉన్నా తలూపేది. శోభారాణి కొన్నాళ్ళు పోట్లాడింది, కొన్నాళ్ళు ఏడ్చింది, చివరికి మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి చేరింది. ఇంట్లో తనకు లేని పని అక్కడైనా ఉందనుకుంది.

ఆ పని శివకు నచ్చలేదు. నచ్చలేదని పెళ్ళానికి చెప్పలేదు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు మోయడానికి దీప ఉంది కదా.

"దీపా, మీ అమ్మనడుగు, రేపు గూడ డ్యూటీకి పోతాందా అని."

శోభారాణి చెయ్యి చాస్తే అందేంత దూరంలో టమాటాలు కోస్తూ ఉండేది.

"దీపా, మీ నాయినకు చెప్పు, పోతనే ఉంటనని."

"గట్లయితే నాకు బువ్వ ఒద్దని చెప్పు."

"దీపా, మీ నాయినను తినుమను," అని మంచం మీంచి అవ్వ, "ముండ్లు తీసి పెట్టిన, సల్లగయితదని చెప్పు."

అందరూ ఒకే గదిలో. ఒకరి గొంతు ఒకరికి గంట కొట్టినట్టు వినపడుతూనే ఉంటుంది. అయినా ప్రతి మాటా పిల్ల నోటి మీదుగా పోవాల్సిందే. ఒకరోజు మాటలు బాగా ముదిరి, గిన్నె ఒకటి గోడకు తగిలింది. దీప కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. అంతే, లొల్లి ఆగింది. శివ నీళ్ళు తెచ్చాడు, శోభారాణి వీపు రాసింది, అవ్వ వాము నమిలించింది. ముగ్గురూ ఒక చోట చేరడం చాలా రోజుల తర్వాత అదే.

మళ్ళీ లొల్లి వచ్చింది, మళ్ళీ నొప్పి వచ్చింది. కొన్నాళ్ళకు నొప్పి లొల్లి కోసం ఆగడం మానేసి తెల్లవారగానే రావడం మొదలుపెట్టింది. దసరా సెలవులు అయిపోయాక పిల్ల తిరిగి బడికి పోలేదు. తిండి కూడా తగ్గింది. అవ్వ ముళ్ళు తీసి, ముద్ద చేసి, నోటి దగ్గర పెట్టి బతిమాలితే ఏదో కొంచెం తినేది. ఎనిమిదో తరగతి పిల్ల ఒంటి మీది బట్టలు దండెం మీద ఆరేసినట్టు ఊగేవి.

అవ్వ దిష్టి తీసింది. తాయెత్తు కట్టించింది. కీసరగుట్టకు మొక్కుకుంది. ఆసుపత్రిలో రక్తం, స్కానింగ్ అన్నీ చూసి ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే పిల్ల ఎందుకు చిక్కిపోతోంది? అవ్వకు దీప మణికట్టు చూసినప్పుడల్లా బాలమల్లు మణికట్టు గుర్తొచ్చేది. ఆయనా ఇలాగే, అన్నం పళ్ళెం పక్కకు జరుపుతూ జరుపుతూ పోయాడు.

"ఇంకా బరువు తగ్గితే చేర్చుకోవాల్సి వస్తుంది," అంది ఆసుపత్రి డాక్టరు. "దానికంటే ముందు పేట్ బషీరాబాద్‌లో శ్రీలేఖ అని ఒకావిడ ఉంటారు, వెళ్ళండి. కుటుంబాలతో మాట్లాడతారు."

"పిచ్చి డాక్టరా?" అంది అవ్వ.

"పిచ్చి కాదమ్మా. ఇంటివాళ్ళందరూ వెళ్ళాలి."

"నొప్పి పోరికయితే మేమెందుకు?"

డాక్టరు తర్వాతి వాళ్ళను పిలిచింది.

*

శనివారం నలుగురూ టైర్ల దుకాణం పక్క మెట్లెక్కారు. శ్రీలేఖను చూసి అవ్వ నిరాశపడింది. తెల్ల కోటు లేదు, మెడలో గొట్టం లేదు. నరసాపురం వైపు నుంచి వచ్చి ఆ కాలనీలో ఇల్లు కట్టుకున్న ఉద్యోగస్తుల కోడలట.

"ఎక్కడైనా కూర్చోండి," అంది శ్రీలేఖ.

అవ్వ దీపను తన పక్కన, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టుకుంది. శోభారాణి మూల కుర్చీ చూసుకుంది. శివ తలుపు దగ్గర కూర్చున్నాడు, ఎప్పుడైనా లేచి పోవచ్చన్నట్టు. శ్రీలేఖ ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూసి, దీప వైపు తిరిగింది.

"ఏ క్లాసమ్మా?"

"ఎనిమిది," అంది అవ్వ.

"నొప్పి ఎక్కడొస్తుంది?"

అవ్వ తన బొడ్డు పక్కన చెయ్యి పెట్టి చూపించింది. "గీడ."

"మీకా అవ్వా, దీపకా?"

శివకు నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. దీప తల వంచుకుని పెదవి కొరుక్కుంది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వబోయింది. అవ్వకు కోపం రావాల్సింది గాని, శ్రీలేఖ వెంటనే ఆవిడ ఏం పని చేస్తుందో అడిగి చేపల సంగతి ఎత్తింది.

"మా వైపు పులుసులో మామిడికాయ వేస్తామండీ."

"మామిడికాయనా! ఇగ చేప రుచి ఏం తెలుస్తది బిడ్డా? మీరు పులుపు తింటున్రా, చేప తింటున్రా?"

ఆ తర్వాత అవ్వను ఆపడం ఎవరితరమూ కాలేదు. చెరువు గురించి చెప్పింది, బాలమల్లు గురించి చెప్పింది, లారీ లేని పరుగు గురించి చెప్పింది. శ్రీలేఖ అడిగి అడిగి విన్నది. వలల దగ్గరికి వచ్చేసరికి అవ్వ గొంతు పెరిగింది.

"గిప్పటోళ్ళు సన్న కన్నుల వల ఏస్తరు. పిల్ల చేప గూడ తప్పుకోదు. మా ఆయన పెద్ద కన్ను వల ఏసెటోడు. పిల్లది పోవాలె, పెరగాలె. పెరిగినంక మనదే గద, ఏడికి పోతది?"

"ఆ మాట గుర్తుపెట్టుకుంటాను," అంది శ్రీలేఖ. అప్పుడు శివ వైపు తిరిగింది. "శోభారాణిగారు డ్యూటీకి వెళ్ళడం మీకు ఎలా ఉంది? నాకు కాదు, ఆవిడకు చెప్పండి."

శివ గొంతు సవరించుకున్నాడు. కుర్చీలో కదిలాడు. "దీపా, మీ అమ్మకు..."

దీప చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. శ్రీలేఖ ఆ చేతినే చూసింది. దాంతో అందరూ దాన్నే చూడాల్సి వచ్చింది.

ఆమె లేచి బోర్డు మీద సున్నాలు గీసింది. అవ్వ, దీప ఒకే సున్నాలో. శివ ఒక మూల, శోభారాణి ఇంకో మూల. వాళ్ళిద్దరి మధ్య గీత పిల్ల మీదుగా పోతోంది.

"ఇంట్లో ఇటుక గోడలే కాదు, కనపడని గోడలు కూడా ఉంటాయి. మొగుడూ పెళ్ళాలకు ఒక గది, పిల్లలకు ఒక గది, పెద్దవాళ్ళకు ఒకటి. ప్రతిదానికీ తలుపుండాలి. మూసి తాళం వెయ్యకూడదు, అసలు లేకుండానూ ఉండకూడదు. మీ ఇంట్లో అవ్వకూ దీపకూ మధ్య గోడే లేదు, అమ్మా నాన్నల మధ్య తలుపే లేదు. మధ్యలో ఈ పిల్ల అటూ ఇటూ తిరుగుతోంది. దీపకున్నది రోగం కాదండీ, ఉద్యోగం. మీ గొడవలు ఆపే ఉద్యోగం. చాలా బాగా చేస్తోంది. కానీ అలసిపోయింది."

శోభారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. శివ బోర్డు వైపే చూస్తూ ఉండిపోయాడు. అవ్వకు మాత్రం తన సున్నా తప్ప ఇంకేమీ కనపడలేదు. పిల్లను పట్టుకుని కూర్చున్నది తనే. అంటే తప్పు తనదా? విసురుగా లేచింది. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి పడింది.

"ఇంటిని నేను నిలబెట్టిన. నాకు గోడలు చెప్తున్నవా? నడువుండ్రి."

శ్రీలేఖ కుర్చీ లేవనెత్తి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది.

"అవును, మీరే నిలబెట్టారు. అమ్మ కొలువూ నాన్న కొలువూ రెండూ ఒక్కరే చేశారు. అందుకే వచ్చే శనివారం మీ చేతి చేపల కూర తినాలనుంది. అందరం ఇక్కడే కూర్చుని తిందాం. రవ్వచేప తెస్తారా?"

కూర అడిగితే కాదనే నోరు అవ్వకు దేవుడు ఇవ్వలేదు.

*

మళ్ళీ శనివారం ఆ గదిలో పేపర్లు పరిచారు. అవ్వ పెద్ద టిఫిన్ క్యారేజీ విప్పగానే చింతపండు, మెంతుల వాసన మెట్ల మీదుగా టైర్ల దుకాణం దాకా పోయింది. కింద పనివాడు తల పైకెత్తి చూశాడట.

కూర వడ్డించీ వడ్డించకముందే అవ్వ వేళ్ళు పనిలో పడ్డాయి. దీప పళ్ళెంలో ముక్క విప్పింది. వెన్నెముక లాగింది, సన్న ముళ్ళు ఏరింది. ఆ చేతితోనే శివ పళ్ళెం దగ్గరికి లాక్కుంది. నలభైకి దగ్గరపడ్డ మనిషి పళ్ళెం జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. శ్రీలేఖ చూస్తోందని గుర్తొచ్చి ఒక్కసారి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అవ్వా, మీరిటు రండి," అంది శ్రీలేఖ. "నా పక్కన కూర్చోండి. ఇవాళ దీప భోజనం సంగతి వాళ్ళమ్మా నాన్నా చూసుకుంటారు. మనం అతిథులం."

అవ్వ లేచి వచ్చింది గాని ఆమె కళ్ళు రాలేదు. అవి ఆ పళ్ళెం మీదే ఉండిపోయాయి.

శివ కొత్త ముక్క వేశాడు. "తిను బిడ్డా."

దీప కదల్లేదు.

"గట్ల ఉత్తగ ఏస్తే తింటదా?" అంది శోభారాణి. "ముందుగాల పులుసు కలపాలె."

"నువ్వు ఇంట్ల ఉంటె గదా, ఏం తింటదో తెలుసుడు!"

"ఇంట్ల ఉంటె మీ అమ్మ పళ్ళెం ముట్టనిచ్చిందా? ఏనాడన్న అడిగినవా?"

"అమ్మనెందుకు అంటవ్?"

"నిన్నే అంటున్న! పెండ్లయిన కాడికెల్లి నిన్నే అంటున్న. నువ్వే ఇనవు!"

దీప ముఖం పాలిపోయింది. రెండు చేతులూ కడుపు మీదికి పోయాయి. "అవ్వా... నొస్తాంది."

అవ్వ సగం లేచింది. శ్రీలేఖ ఆమె చేతి మీద చెయ్యి వేసింది. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే వేసింది.

"ఆగండవ్వా. వాళ్ళు ఏం చేస్తారో చూద్దాం."

"పోరి సస్తాంది!"

"చావదు. మీరు కూర్చుంటే వాళ్ళు లేస్తారు."

అవ్వ చాలా పనులు చేసింది జీవితంలో. మొగుడు పోయిన పదిరోజులకే చేపల తట్ట నెత్తికెత్తుకుంది. కట్ట మీద గూండాలతో పోట్లాడింది. కానీ ఆ క్షణంలో అక్కడ కదలకుండా కూర్చోవడమంత కష్టమైన పని ఎన్నడూ చెయ్యలేదు. తను లేచి వెళ్ళకపోతే పిల్లకేమైనా అయితే? అంతకంటే లోపల ఇంకో భయం ఉంది. తను వెళ్ళకపోయినా పిల్లకేమీ కాకపోతే? అప్పుడు ఈ చేతులకు ఆ ఇంట్లో పనేముంది?

కూర్చుంది. తన రెండు చేతులనూ మోకాళ్ళ మధ్య ఇరికించి కూర్చుంది.

శివ ఎప్పటిలాగే తల్లి వైపు చూశాడు. అవ్వ కళ్ళు దించుకుంది. ఇక చూడటానికి శోభారాణి ఒక్కతే మిగిలింది.

"ఏం జేద్దాం?" అన్నాడు.

ఆ మాట అతను పెళ్ళాం ముఖం చూసి అడగడం అదే మొదలు. శోభారాణికి కూడా ఆశ్చర్యం వేసింది.

"ముందుగాల మనిద్దరం లొల్లి బంజేద్దాం," అంది నెమ్మదిగా. తర్వాత కూతురి పక్కకు జరిగింది. "దీపా, గిది నాకూ మీ నాయినకూ ఉన్న లొల్లి. నీది గాదు. మేం జూసుకుంటం. నువ్వు బువ్వ తిను."

"అవు బిడ్డా," అన్నాడు శివ ఇటువైపు నుంచి. "నీకెందుకు మా పరేషాన్? మేం కొట్లాడుకుంటం, మేమే కలుస్తం. నువ్వు తిను."

దీప నాన్న వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. ఒకటే మాట రెండు నోళ్ళ నుంచి రావడం ఆ పిల్లకు కొత్త. చెయ్యి కడుపు మీంచి తీసి ముక్క తుంచింది. ముళ్ళు తియ్యని ముక్క. నోట్లో పెట్టుకుంది.

అవ్వ, గొంతులో ముల్లు తనకే ఉన్నట్టు మెడ సాచింది.

దీప నమలడం ఆపింది. నాలుకతో వెతికింది. రెండు వేళ్ళు నోట్లో పెట్టి, ఒక సన్నటి ముల్లు బయటికి తీసి, దాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. పళ్ళెం అంచున పెట్టింది. మళ్ళీ ఇంకో ముక్క తుంచింది.

"తీసింది," అంది అవ్వ ఎవరితోనో. "పోరి ముల్లు తీసింది." ఆ తర్వాత కొంగుతో ముఖం మొత్తం కప్పుకుంది.

శ్రీలేఖ ఆమె పళ్ళెంలో నడుము ముక్క వేసింది. అవ్వ కంగారుపడింది. ఎప్పుడూ అందరూ తిన్నాక తలకాయ, తోక తినే మనిషి.

"గిది నాకెందుకు బిడ్డా?"

"అతిథులకు వేసే ముక్క అదే కదా," అంది శ్రీలేఖ. తర్వాత గొంతు తగ్గించింది. "మీ ఆయన వల గురించి మీరే చెప్పారు. పిల్లది పోవాలి, పెరగాలి అన్నారు."

అవ్వ ఆ నడుము ముక్క మొత్తం తిన్నది.

*

ఆ శనివారంతో అంతా బాగైపోయిందని చెబితే అవ్వకు గౌరవంగానే ఉంటుంది గాని, నిజం కాదు. శ్రీలేఖ ఇంటికి కొన్ని పద్ధతులు చెప్పి పంపింది. సాయంత్రం చాయ్ తాగేటప్పుడు శివ, శోభారాణి లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుకోవాలి. ఆ మాటలు పిల్ల నోటి మీదుగా పోకూడదు. దీప తన పక్క తనే వేసుకోవాలి. దీపను అడిగిన ప్రశ్నకు దీపే జవాబు చెప్పాలి. అవ్వ ఎవరి పళ్ళెమూ ముట్టకూడదు.

చాయ్ వేళ అవ్వ సరిగ్గా ఆ తలుపు పక్కనే చీపురు పట్టుకుని ఊడ్చేది. రోజూ అక్కడే ఊడ్చేది. ఆ గచ్చు అద్దంలా మెరిసింది.

"అవ్వా, ఆడ ఏం చెత్త లేదు," అనేది దీప.

"నీకు కండ్లు కనవడవు. దుమ్మున్నది."

చేపల విషయంలో అయితే ఇంకా ఘోరం. పళ్ళెం ముట్టనని మాటిచ్చింది కాబట్టి పళ్ళెం ముట్టలేదు. వంటింట్లో, గిన్నెలోనే, కూర దించీ దించకముందే ముళ్ళన్నీ ఏరేసి, ముక్కలను మళ్ళీ అతికించినట్టు పేర్చి పెట్టింది. కొన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు. రవ్వచేపలకు ముళ్ళు రావడం మానేశాయేంటని శివ కూడా అడగలేదు. తిని లేచేవాడు.

శోభారాణి పట్టుకుంది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి త్వరగా వచ్చి వంటింటి గడపలో నిలబడింది. లోపల అవ్వ గిన్నెలో చెయ్యి పెట్టి, దొంగలా అటూ ఇటూ చూస్తోంది. పక్కన మూతలో ముళ్ళ కుప్ప.

పూర్వం అయితే ఇక్కడ గిన్నెలు ఎగిరేవి. దీపకు నొప్పి వచ్చేది. శోభారాణి లోపలికి వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది.

"అత్తమ్మా, ఏళ్ళు కాల్తలేవా?"

అవ్వ చెయ్యి బయటికి తీసింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది గాని రాలేదు.

"నా శాతగాదు బిడ్డా. గా ముల్లు నా కండ్ల ముందటనే ఉన్నది. తియ్యకుంటే నాకు నిద్ర పట్టది. తీసుడు బంజేస్తే ఇగ నేనెందుకు ఈ ఇంట్ల?"

పెళ్ళై వచ్చిన కొత్తలో శోభారాణి కూడా ఇదే వంటింట్లో కూర్చుని ఇదే అనుకుంది. నేనెందుకు ఈ ఇంట్లో? ఆ సంగతి అత్తకు చెప్పలేదు. గిన్నె తన వైపు జరుపుకుంది.

"రేపటికెల్లి కూర మీరొండుండ్రి. మీ అంత రుచి నాకు రాదు. తినేటప్పుడు మీరు మాతోని కూసుండి తినుండ్రి, ముందుగాలనే, నడుము ముక్క. దీపకు ముల్లు పోతే నేను జూస్త. నాకు పోతే మీరు జూడుండ్రి."

"నీకు పోతె నీ మొగడు సూస్తడు," అంది అవ్వ, అలవాటు కొద్దీ.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవ్వే ముందు నవ్వింది. కోడలు పెళ్ళయిన కొత్తలో నవ్విన నవ్వును ఆ రోజే క్షమించింది.

దీప నొప్పి ఒక్కసారిగా పోలేదు. వచ్చేది, మొహమాటపడేది, పోయేది. తిరిగి బడికి పోవాల్సిన మొదటి రోజు పొద్దున్న మళ్ళీ గట్టిగా వచ్చింది. పిల్ల మంచం మీద ముడుచుకుంది. అవ్వ గొంతు దాకా "ఒద్దులే బిడ్డా, రేపు పోదువు" అన్న మాట వచ్చింది. చేతులు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది. శివ, శోభారాణి లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నారు. అవ్వ చీపురు కోసం వెతికింది గాని, తీసుకోలేదు. కాసేపటికి ఇద్దరూ బయటికి వచ్చారు.

"నొస్తే టీచర్‌కు చెప్పు, ఫోన్ చేస్తది," అంది శోభారాణి.

"నేనొచ్చి తోల్కొస్త," అన్నాడు శివ. "గని బడికి మాత్రం పోవాలె."

దీప అవ్వ వైపు చూసింది. అవ్వ సగం ఇల్లు వినపడేంత గట్టిగా చెప్పింది. "నన్నేం సూస్తవే? మీ అమ్మా నాయినా చెప్పినంక నాదేమున్నది? నడువు, బస్సు పోతది."

పిల్ల వెళ్ళింది. అవ్వ గడపలో నిలబడి, స్కూలు డ్రెస్సు మలుపు తిరిగే దాకా చూసింది. ఆ రోజు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం దీప ఆకలితో వచ్చి గిన్నె మూత తీసింది.

ఇప్పుడు దీప తొమ్మిదో తరగతి. డ్రెస్సు బిగుతైందని కొత్తది కావాలని పేచీ పెడుతుంది. ఆ పేచీ వింటే అవ్వకు పండగ. శివ, శోభారాణి ఇప్పటికీ కొట్లాడుకుంటారు, కానీ నేరుగా, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నోరారా. అది విని అవ్వ కట్ట కింద పక్క చేపల ఆమెతో గొప్పగా చెప్పుకుంటుంది. "మా కొడుకు కోడలు ఎంత మంచిగ కొట్లాడుకుంటరో!"

దీప బడికి పోయిన ఆ వారంలోనే అవ్వ ఒక పెద్ద రవ్వచేపను సంచిలో వేసుకుని పేట్ బషీరాబాద్‌లో బస్సు దిగింది. మెట్లెక్కి, తను ఒకసారి పడేసిన కుర్చీని కొంగుతో తుడిచి, అందులో కూర్చుంది. ఇలాంటివి తీసుకోకూడదని శ్రీలేఖ ఎంత చెప్పినా వినలేదు.

"నువ్వు నా మనవరాలిని నాకు ఇచ్చినవు బిడ్డా. గీ చేపకు ఒద్దంటే నేను మెట్లు దిగ."

శ్రీలేఖ ఓడిపోయింది. సంచి విప్పి చూసింది. పొలుసు గీకి, శుభ్రంగా కోసి, పసుపు పట్టించిన ముక్కలు.

"ముళ్ళు తీశారా అవ్వా?" అని నవ్వింది.

అవ్వ లేచి చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంది.

"ఎందుకు తీస్త? నీకు చేతులు లేవా? నువ్వే తీస్కో. మామిడికాయ మాత్రం ఎయ్యకు."